కరుణ ఎవరు?

పెళ్లయిన ముప్పై నాలుగో రోజున నేను ఒక మనిషి మీద పగ పట్టాను.

అప్పటిదాకా అశ్వారావుపేట మొత్తం మీద నా అంత సంతోషంగా ఉన్న ఆడమనిషి లేదనే నా నమ్మకం. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు పక్కపక్కన నిలబడి ఉంటే చూసి నవ్వుకునేదాన్ని. సాయంత్రం మా ఆయన జోయెల్ పామాయిల్ మిల్లు నుంచి వస్తూ సందు మొదట్లో రెండుసార్లు హారన్ కొడితే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. అతని చొక్కాకు ఉడికిన గెలల వాసన ఉంటుంది. ఆ వాసన కూడా నచ్చడం మొదలైంది నాకు.

మా పుట్టింటిది కల్లూరు. ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివాను. ఈ ఇంట్లో మేం ముగ్గురమే. జోయెల్, నేను, మా అత్తమ్మ విశ్రాంతమ్మ. మామయ్య అంతోనయ్య నాలుగేళ్ల క్రితం పోయారు. ముందు గదిలో ఆయన ఫోటో పక్కన రెండు జడలు వేసుకున్న స్కూలు పిల్ల ఫోటో ఉంటుంది. జోయెల్ చెల్లెలు. తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయిందట. ఇంట్లో అందరూ "పాప" అనే అంటారు. నేనూ "పాప" అనే అన్నాను. అసలు పేరేమిటని అడగలేదు. అడగాలని తట్టలేదు.

ఇంత సంతోషంలో మా ఇంట్లో ఒకే ఒక్క తగువు ఉండేది. "ఏడో మైలురాయి".

శని, ఆదివారాలు సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్ అది. నిరుడు మొదటి సీజన్ వచ్చినప్పుడు మా హాస్టల్లో అమ్మాయిలు అన్నం పళ్లాలు పట్టుకొని టీవీ ముందే కూర్చునేవాళ్లు. అడవి దారిలో వెళ్తున్న బస్సు ఏడో మైలురాయి దగ్గర ఆగుతుంది. తెల్లారి చూస్తే బస్సు ఉంది, లోపల పదకొండు మంది ప్రయాణికులు లేరు. అక్కడితో సీజన్ అయిపోయింది. రెండో సీజన్లో ఆ పదకొండు మంది ఎక్కడికి పోయారో చెప్తారని ఏడాది ఎదురుచూశాం. తీరా చూస్తే బస్సు ఊసే లేదు. ఆ పదకొండు మంది ఇళ్లు చూపిస్తున్నారు. ఒక భార్య రోజూ రెండు కంచాలు పెడుతుంది. ఒక తండ్రి రోజూ డిపోకి పోయి కూర్చుంటాడు. అంతే.

ఊరు రెండుగా చీలింది. మిల్లులో, టీ కొట్లో, గుడి అరుగు మీద, మా చర్చి మెట్ల మీద కూడా అదే మాట. బాగుందనేవాళ్లు కొందరు, బొందలా ఉందనేవాళ్లు కొందరు.

"బస్సు ఏమైందో చెప్పకుండ గిట్ల ఎన్ని వారాలు ఏడిపిస్తడు వాడు?" అనేవాడు జోయెల్. "ముందు జనం యాడికి వోయిండ్రో చెప్పు. తర్వాత ఏడువు."

"ఎదురుచూసేవాళ్ల కథే అసలు కథ. నీకు అర్థం కాదులే."

"అవ్, నేను డిప్లొమా. నువ్వు బీఎస్సీ."

"దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"నువ్వే అంటివి గద, అర్థం కాదని."

అత్తమ్మ ఈ గొడవలో ఏ పక్షమూ కాదు. అయితే ఆమెను మించిన పెద్ద మనిషి ఆ సీరియల్‌కు ఎవరూ లేరని నాకు గర్వం. ఎందుకంటే ఆమె అందులో నటించింది.

ఎండాకాలంలో మా పెళ్లికి ముందే దమ్మపేట అడవిలో షూటింగ్ జరిగింది. శవం ముందు ఏడ్వడానికి పది మంది ఆడవాళ్లు కావాలని వాళ్లు మా చర్చిలో అడిగారు. వెళ్లినవాళ్లలో తొమ్మిది మందికి కెమెరా చూడగానే నవ్వొచ్చిందట. అత్తమ్మ ఒక్కతే ఏడ్చింది. అందుకని నాయనమ్మ వేషం ఆమెకే ఇచ్చారు. బస్సులో మాయమైన మీనాక్షి అనే పిల్ల వాగులో శవమై దొరికితే, నాయనమ్మ ఆ పిల్లను ఒళ్లో పెట్టుకొని పిలవాలి. కథ బయట చెప్పొద్దని కాగితం మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారు.

ఆ భాగం వచ్చిన శనివారం నేను బజ్జీలు వేశాను. పక్కింటివాళ్లను పిలిచాను. తెర మీద అత్తమ్మ ముఖం కనబడగానే ఈల వేశాను కూడా. పిల్లను ఒళ్లోకి లాక్కుంది. జుట్టు సర్దింది. తర్వాత ఒక కేక పెట్టింది.

"కరుణా! లెవ్వే తల్లీ! లెవ్వే!"

పక్కన చూస్తే అత్తమ్మ లేదు. వంటగదిలో గిన్నెల చప్పుడు. జోయెల్ రిమోట్ తీసుకొని సౌండ్ తగ్గించేశాడు.

"ఆ పిల్ల పేరు మీనాక్షి కదా? కరుణ ఎవరు?" అన్నాను.

"ఏమో" అన్నాడు, ముఖం తిప్పుకొని.

నాకు అర్థమైపోయింది. అంటే, అర్థమైందని నేను అనుకున్నాను. సంతకం పెట్టిన కాగితం! అసలు రహస్యం వీళ్లిద్దరికీ తెలుసు, చెప్పకూడదు, అందుకే ఈ దొంగచూపులు. సీరియల్ మొత్తానికి తాళం చెవి మా వంటగదిలో గిన్నెలు కడుగుతోంది! ఆ సంతోషం పట్టలేక నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాటికి ఫోన్లలో అందరిదీ అదే ప్రశ్న. కరుణ ఎవరు? రెండో సీజన్ నచ్చినవాళ్లు ఇందులో పెద్ద సూచన ఉందన్నారు. నచ్చనివాళ్లు, పాత్ర పేరు కూడా సరిగ్గా చెప్పించుకోలేని దర్శకుడని తిట్టారు. నేను ఊరుకుంటానా? సీరియల్ అభిమానుల పేజీలో "అడవి పిట్ట" అనే పేరుతో ఒక కామెంట్ రాశాను. "కరుణ ఆ ముసలామె కోడలు. కోడల్ని చంపి ఏడో మైలురాయి కింద పాతిపెట్టింది. శవాన్ని చూడగానే చంపిన మనిషి పేరే నోటికొచ్చింది." చివర నవ్వుతున్న బొమ్మలు నాలుగు.

పదకొండు వందల మందికి నచ్చింది. దిండు కింద ఫోన్ పెట్టుకొని మురిసిపోయాను.

నేను పగ పట్టిన మురళీకృష్ణ కథ ఇక్కడే మొదలవుతుంది. అశ్వారావుపేట శివార్లలో వాళ్లకు పామాయిల్ తోటలున్నాయి. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. తోట సంగతి వాళ్ల నాన్న చూసుకుంటాడు. ఇతను "మురళీ మిస్టరీ" అని యూట్యూబ్ ఛానల్ నడుపుతాడు. రెండో సీజన్‌ను చీల్చి చెండాడేవాళ్లలో మొదటివాడు. నా కామెంట్ తీసుకొని అతను ఒక వీడియో చేశాడు. అందులో అత్తమ్మకు పొడుగు ముక్కు, కోరలు పెట్టాడు. "కోడల్ని తిన్న ముసలి పిశాచం" అన్నాడు. ఆ కేకను కోసి, తాగి పడిపోయిన మనిషి మీద పెట్టాడు. నిద్రపోతున్న కుక్క మీద పెట్టాడు. క్లాసులో కునికే పిల్లాడి మీద పెట్టాడు. "కరుణా! లెవ్వే తల్లీ!"

వారం తిరిగేసరికి అది జనం ఫోన్లలో అలారమైంది. మిల్లు బయట లోడు ట్రాక్టర్ల మీద కునుకు తీసే డ్రైవర్లను అదే కేకతో లేపుతున్నారట. ఆ వీడియో చూసి నేను కూడా నవ్వాను. ఈ మాట రాయకపోతే నిద్ర పట్టదు, అందుకే రాస్తున్నాను.

ముప్పై నాలుగో రోజు అత్తమ్మా నేనూ సంతకు వెళ్లి వస్తున్నాం. స్కూలు గోడ మీద కూర్చున్న పోరగాళ్లు ముగ్గురు అత్తమ్మను గుర్తుపట్టారు.

"కరుణా! లెవ్వే తల్లీ!"

"అత్తమ్మా, మీరు హీరోయిన్ అయిపోయిండ్రు" అని నేను ఆమె భుజం తట్టాను.

ఆమె చేతిలో సంచి జారింది. టమాటాలు రోడ్డు మీద దొర్లాయి. ఆమె వాటిని ఏరుకోలేదు. అక్కడే రోడ్డు పక్కన కూలబడి, రెండు చెవులూ చేతులతో మూసుకుంది. పోరగాళ్లు ఇంకా గట్టిగా అరిచారు.

ఆ సాయంత్రం పెరట్లో జోయెల్ చెప్పాడు.

"పాప పేరు కరుణ."

నేను లోపలికి, ముందు గదిలో ఫోటో ఉన్న గోడ వైపు చూశాను.

"మెదడు మలేరియా. జీపుల ఖమ్మం దవాఖానాకు తీస్కవోతున్నం. నాకు పన్నెండేండ్లు, ముందు సీట్ల కూసున్న. సత్తుపల్లి దాటినంక పాప కండ్లు మూసింది. అమ్మ ఖమ్మం దాక గదే మాట. లెవ్వే తల్లీ, లెవ్వే తల్లీ. షూటింగుల వాళ్లు మీనాక్షి అని పిలువమన్నరు. ఒళ్లె పిల్లను వెట్టంగనే నోట్లకెల్లి పాప పేరే వచ్చింది. పెద్దోల్లు కోసేస్తరులే అనుకున్నది. వాళ్లు కొయ్యలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"కొత్తగ వచ్చినవ్. నవ్వుకుంట తిరుగుతున్నవ్. ఏం చెప్పాలె?"

నా మీద నేను పగ తీర్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. మురళీకృష్ణ మీద ఎలాగో ఆలోచించగలను. అందుకని నా కోపమంతా తీసుకెళ్లి అతని మీద పెట్టాను. "అడవి పిట్ట" సంగతి మాత్రం జోయెల్‌కు చెప్పలేదు.

జోయెల్ మర్నాడు అతని దగ్గరికి వెళ్లి, మా అమ్మ బాధపడుతోంది, వీడియో తీసేయమని అడిగాడు. కారణం మాత్రం చెప్పలేదు. చెల్లెలి పేరు అతని ముందు ఎత్తడం ఇష్టం లేక. మురళీకృష్ణ నవ్వి, "ఫేమస్ చేశాను కదండీ, థాంక్స్ చెప్పాలి మీరు" అన్నాడట. రెండు రోజుల తర్వాత కొత్త వీడియో వచ్చింది. "ముసలమ్మ కొడుకు ఇంటికొచ్చి బెదిరించాడు! అంటే మన థియరీ నిజమే!"

నాకు కళ్లు ఎర్రబడ్డాయి. జోయెల్ మిల్లులో గెలలు చూసి పండినవి, పచ్చివి వేరుచేసే దగ్గర పనిచేస్తాడు. పచ్చి గెలలుంటే లోడు వెనక్కి పంపొచ్చు.

"వాళ్ల ట్రాక్టర్ వస్తే మొత్తం పచ్చివని పంపెయ్" అన్నాను.

"గెలలేం జేసినయ్? వాటిని కోసిన కూలోల్లేం జేసిండ్రు?"

"మరి ఊరుకుందామా?"

"ఊకోనికి నాకు మాత్రం మనసొప్పుతదా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

అత్తమ్మ ఇల్లు కదలడం మానేసింది. అక్టోబరు ఆఖరి వారంలో నవంబరు రెండో తారీఖు సంగతి వచ్చింది. ఆ రోజు సమాధుల పండుగ. మా అమ్మవాళ్ల చర్చిలో ఈ పండుగ లేదు. వీళ్లది కథోలిక చర్చి. ఆ రోజు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ వచ్చి ఒక్కో సమాధి మీద మంత్రించిన నీళ్లు చల్లుతారు. పాప పోయినప్పటి నుంచి అత్తమ్మ ఒక్క ఏడాది కూడా తప్పలేదట.

"ఈయేడు నేను రాను" అంది అన్నం కలుపుతూ. "నువ్వు, జోయెల్ వోయి రాండ్రి."

"ఎందుకు అత్తమ్మా?"

"ఊరంత ఆడికే వస్తది. ఎవడో ఒకడు ఒర్లుతడు. రోడ్డు మీద ఒర్లితే చెవులు మూసుకున్న. నా బిడ్డ సమాధి కాడ ఒర్లితే ఏం మూసుకోవాలె?"

ఆ పూటే నేను "అడవి పిట్ట" పేరుతో మురళీకృష్ణకు మెసేజ్ పెట్టాను. కరుణ ఎవరో నాకు తెలుసు. సాక్ష్యం చూపిస్తాను. లైవ్ పెడితేనే.

నిమిషంలో జవాబు వచ్చింది. "ఆ థియరీ రాసింది మీరే కదా మేడం! మీరు జీనియస్. ఎక్కడికి రమ్మంటారు?"

ఆదివారం, నాలుగు గంటలకు, కథోలిక సమాధుల తోట గేటు దగ్గర.

"సమాధుల తోటా! అదిరిపోద్ది మేడం!"

ఆ నాలుగు రోజులూ నేను పాడుకుంటూ ఇల్లు ఊడ్చాను. వాడు ఎలా వస్తాడో, రాయి మీద పేరు చూసి ముఖం ఎలా మాడిపోతుందో, వేలమంది అది చూస్తుండగా ఎక్కడ దాక్కుంటాడో, వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఊహించుకున్నాను. ఒక్కోసారి ఒక్కోలా. ప్రతిసారీ ముందుకన్నా తియ్యగా ఉండేది. ఆదివారం పొద్దున ఇక దాచుకోలేక జోయెల్‌కు చెప్పాను. మెసేజ్ ఏ పేరుతో పెట్టానో మాత్రం చెప్పలేదు.

అతను నా వైపు తిరిగాడు. "అమ్మకు తెలిస్తే?"

"రానంది కదా. ఎట్ల తెలుస్తది?"

అతను సున్నం బకెట్ తీసి మళ్లీ కింద పెట్టాడు. "నువ్వు ముందు నడువు. నేను వస్త" అన్నాడు.

సమాధుల తోట ఊరి చివర పామాయిల్ తోటను ఆనుకొని ఉంటుంది. దాని వెనక నుంచి అడవి మొదలు. నేను వెళ్లేసరికి జనం నిండుగా ఉన్నారు. బకెట్లు, కుంచెలు, పూల బుట్టలు, పిల్లల పరుగులు. ఇంకో రోజైతే ఆ తడి సున్నం వాసనకే నేను మురిసిపోయేదాన్ని.

మురళీకృష్ణ నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, ఫోన్ తగిలించిన కర్ర పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డాడు. నన్ను చూసి, "మేడం, మీరేనా అడవి పిట్ట?" అన్నాడు. తల ఊపాను. నేను ఎవరి కోడలినో అతనికి తెలియదు.

"ఫ్రెండ్స్, మనం ఇప్పుడు లైవ్‌లో ఉన్నాం. మూడు వేల మంది చూస్తున్నారు. రెండో సీజన్ చెత్త అని నేను మొదట్నుంచీ చెప్తున్నాను. కానీ ఆ చెత్తలో ఒక రహస్యం ఉంది. కరుణ ఎవరు? ఈ మేడం ఇప్పుడు చూపిస్తారు!"

నేను ముందు నడిచాను. చివరి వరుసలో, మామయ్య సమాధి పక్కన, చిన్న సమాధి. వెనక ఎవరో పిల్లాడు "లెవ్వే తల్లీ" అని అరిచాడు. మురళీకృష్ణ నవ్వుతూ వాడి వైపు చెయ్యి ఊపాడు. మంచిది, నవ్వు, ఇంకో పది అడుగులే అనుకున్నాను.

సమాధి దగ్గరికి వచ్చాం.

అక్కడ అత్తమ్మ ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, రాయికి సున్నం పూస్తోంది. పక్కన జోయెల్ బకెట్ పట్టుకొని నిలబడ్డాడు. చెప్పేశాడన్నమాట.

"అరే, ఫ్రెండ్స్! ముసలమ్మ కూడా ఇక్కడే ఉంది!" అని మురళీకృష్ణ కర్ర ముందుకు చాచాడు.

అప్పుడు నాకు అర్థమైంది, నేను చేసిన పనేమిటో. ఆమె చెవులు మూసుకోవడానికి కూడా చోటు లేకుండా, ఆ కేకను తీసుకొచ్చి ఆమె బిడ్డ తల దగ్గర నిలబెట్టాను. "ఆపు, ఆపెయ్" అని ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టబోయాను.

"ఉండనియ్" అంది అత్తమ్మ. కుంచె బకెట్లో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "స్తుతీ, ఆ కర్ర నువ్వు పట్టు. నన్ను కాదు, ఈయిన ముఖం చూపియ్. మంచిగ కనవడాలె."

నేను కర్ర లాక్కున్నాను. ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం విని మురళీకృష్ణ నా వైపూ ఆమె వైపూ చూశాడు. జోయెల్‌ను గుర్తుపట్టాక అద్దాలు తీసేశాడు.

"కరుణ ఎవరని అడుగుతున్నవంట గద బాబూ. గా రాయి మీద రాసివుంది. సదువు."

"అమ్మా, నేను..."

"సదువుకున్నోనివి. సదువు."

అతను వంగి చూశాడు. "కరుణ. తండ్రి అంతోనయ్య. తల్లి..." ఆగాడు.

"తల్లి?"

"తల్లి విశ్రాంతమ్మ."

"గా విశ్రాంతమ్మను నేనే. ఇంకా ఉంది."

"జననం పన్నెండు, మూడు, పందొమ్మిది వందల తొంభై ఏడు. మరణం ఇరవై ఒకటి, ఎనిమిది, రెండు వేల ఆరు."

"ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

"గట్టిగ. నీ వాళ్లకు ఇనవడాలె."

"తొమ్మిదేళ్లు."

"కింద ఇంకొక లైను ఉంది."

అతను చదివాడు. మా వాళ్ల సమాధులన్నిటి మీదా ఉండే మాటే అది. "ప్రభువునందు నిద్రించెను."

"నిద్రవోయింది" అంది అత్తమ్మ. "పంతొమ్మిదేండ్లాయె. జీపుల ఖమ్మం దాక లేపిన. లేవలే. నువ్వు ఊర్లె నిద్రవోయేటోల్లందరిని లేపుతున్నవంట గద, నా బిడ్డ పేరు వెట్టి. కుక్కలను లేపినవ్, తాగుబోతులను లేపినవ్. ఇగో, అసలు మనిషి ఈడ ఉంది. లేపు."

చుట్టూ సున్నాలు వేసేవాళ్లు కుంచెలు ఆపి దగ్గరికొచ్చారు. ఇందాక అరిచిన పిల్లాడి నోరు వాళ్లమ్మ మూసింది.

"వద్దమ్మా" అన్నాడు మురళీకృష్ణ.

"ఎందుకు వద్దు? మొన్న మస్తు ఒర్లినవ్ గద. నాకంటే నీ గొంతు మంచిగుంటదేమో. నేను పిలిస్తే లేవలే. నువ్వు పిలువు. లేస్తే నీ కాళ్లు మొక్కుత."

"తప్పయిపోయింది. నాకు తెలియదమ్మా."

"తెల్వదు. మా కొడుకు ఇంటికొచ్చి అడిగిండు, మా అమ్మ బాధవడుతుందని. అది తెలిసింది గద? పిలువు."

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను కర్ర కదల్చలేదు. నా చెయ్యి లాగుతోంది, అయినా దించలేదు. అతని గడ్డం వణకడం, ముక్కు ఎర్రబడడం, కళ్లు నిండడం, మొత్తం ఆరువేల మందికి చూపించాను. అవును, అప్పటికి ఆరువేలయ్యారు. నేను ఊహించుకున్న వాటిలో ఒక్కటి కూడా ఇంత బాగా లేదు.

చివరికి అతను మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తూనే చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు. "నేను కనిపెట్టింది కాదమ్మా. కోడలని, చంపిందని, కామెంట్లో రాశారు. ఎవరో కాదు, ఈవిడే. అడవి పిట్ట అంటే ఈవిడే!"

జోయెల్ చేతిలో బకెట్ కింద పెట్టాడు.

అబద్ధం చెప్పొచ్చు. ఏడుస్తున్నవాడి మాట ఎవరు నమ్ముతారు? కానీ ఆ రాయి మీద సున్నం ఇంకా తడిగా ఉంది, అందులో ఆ పేరు కనబడుతోంది.

"అవ్ అత్తమ్మా" అన్నాను. "నేనే రాసిన. పాప పేరని తెల్వదు. నవ్వుకుంట రాసిన."

ఆమె నన్ను చూసింది. ఒక్క మాటైనా అంటే బాగుండు, కొట్టినా బాగుండు అనిపించింది.

"నీ సంగతి ఇంటికి వోయినంక" అంది. "ముందు ఈయిన సంగతి కానియ్. ఆ ఫోన్ల ఏమంటున్నరు?"

నేను కామెంట్లు చదివాను. చదువుతుంటే నా గొంతులోకి మళ్లీ కోపం వచ్చింది. "సగం మంది ఏడుస్తున్నరు అత్తమ్మా. క్షమించమని రాస్తున్నరు. మీ కాళ్లకు దండం అంటున్నరు."

"తక్కిన సగం?"

చెప్పాలనిపించలేదు. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. "ఇది నాటకమంటున్నరు. మూడో సీజన్‌కు ప్రచారమంట. ముసలామె సూపర్‌గ నటించింది, రాయి కూడ సెట్టింగే అంటున్నరు."

జోయెల్ బూతు మాట ఒకటి అన్నాడు, సమాధుల తోట అని కూడా చూడకుండా. అత్తమ్మ మాత్రం కొంచెం ఆలోచించింది.

"నమ్మనోల్లకు జవాబు రాయొచ్చా దాంట్ల?"

"రాయొచ్చు."

"అయితే రాయమను. ఈయిన పేరు మీద. కరుణ విశ్రాంతమ్మ బిడ్డ, తొమ్మిదేండ్లకు చచ్చిపోయింది, నేను సమాధి కండ్లార చూసిన అని. నమ్మనోల్లు ఎందరుంటే అందరికి."

మురళీకృష్ణ ముఖం తుడుచుకొని జల్దీగా లేచాడు. శిక్ష తేలిగ్గా పోయిందనుకున్నాడు. లైవ్ ఆపి, ముందు ఆ పాత వీడియోలు రెండూ మా అందరి ముందే తీసేశాడు. తర్వాత, "ఒకటి రాసి, కాపీ చేసి అందరికీ పెట్టేస్తానమ్మా. ఐదు నిమిషాలు" అన్నాడు.

"కాపీ అంటే ఏంది బిడ్డా?" అని అత్తమ్మ నన్ను అడిగింది.

నేను వివరంగా చెప్పాను. చాలా వివరంగా.

"వద్దు. వేలితోని రాయాలె. ప్రతి ఒక్కటి. నా బిడ్డ పేరు ప్రతిసారి నీ వేలితోనే రావాలె." నా వైపు తిరిగింది. "నువ్వు గూడ కూసో. నువ్వు రాసిన కాడ పదకొండు వందల మంది మెచ్చుకున్నరంట గద, మొన్న పక్కింటి పిల్ల చెప్పింది ఎవరో అడవి పిట్ట అని. వాళ్లకు నువ్వు రాయి."

అలా సమాధికి ఆ పక్కన మురళీకృష్ణ, ఈ పక్కన నేను కూర్చున్నాం. జోయెల్ నాతో మాట్లాడలేదు. కానీ ఎండ నా ముఖం మీద పడుతుంటే వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. అది చాలు నాకు, లోపల గంతులు వేశాను, పైకి తల ఎత్తకుండా. అత్తమ్మ రెండో పూత వేసింది, బంతిపూలు పేర్చింది, కొవ్వొత్తులు నిలబెట్టింది. ఎవరూ అరవలేదు. ఫాదర్ వచ్చి నీళ్లు చల్లినప్పుడు మురళీకృష్ణ లేవబోతే, "నువ్వు కూసో, రాయి" అంది.

అతను వంద దాటాడు. మధ్యమధ్యలో వేలు విదిలించుకుంటున్నాడు. కొత్త కామెంట్లు వస్తూనే ఉన్నాయి. ఒకడు, అతను రాసిన జవాబు కిందే మళ్లీ, "నీకెంత ఇచ్చారు అన్నా?" అని అడిగాడు. వాడికి ఇంకోసారి రాయించింది అత్తమ్మ.

చీకటి పడుతుండగా అతని ఫోన్ టింగుమంది. చూసుకొని, అంతసేపట్లో మొదటిసారి కొంచెం తేరుకున్న ముఖంతో, "అమ్మా, చార్జింగ్ అయిపోయిందమ్మా. నాలుగు శాతమే ఉంది. ఇంకా మూడు వందల మంది ఉన్నారు. మిగతావి రేపు ఇంటి దగ్గర..." అంటూ లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

అత్తమ్మ నా వైపు చూసింది.

నేను చేతిసంచి తెరిచి పవర్ బ్యాంకు తీశాను. పొద్దున్నే నిండా చార్జింగ్ పెట్టి తెచ్చుకున్నాను. వైరు అతని ఫోన్‌కు చక్కగా సరిపోయింది.

"కూర్చో మురళన్నా" అన్నాను.